పలంగ్ ధర్మ పార్టీ కేస్ స్టడీ: 14, 41, 47, 23, 1

టైటిల్‌లో ఉన్నవి లాటరీ నంబర్లు కావు. థాయ్‌లాండ్‌లో ఒక చిన్న పార్టీకి 1988 నుంచి 1996 దాకా ఐదు ఎలక్షన్లలో వచ్చిన ఎంపీ సీట్లు అవి. ఎనిమిదేళ్ళలో పుట్టడం, ఊగిపోవడం, పడిపోవడం అన్నీ అయిపోయాయి.

నా పని ఎలక్షన్ సర్వేలు, బూత్ కమిటీలు కట్టించడం, ఓడిపోయిన తర్వాత ఫారం 20లు (బూత్‌ల వారీగా ఓట్ల లెక్క) ముందేసుకుని ఎక్కడ పోయిందో వెతకడం. ప్రతి ఎలక్షన్‌కి ఏడాది ముందు ఎవరో ఒకరు కచ్చితంగా వస్తారు, "అన్నా క్లీన్ పార్టీ పెడుతున్నాం, సిటీలో చదువుకున్నోళ్ళంతా మనకే, డబ్బు పంచం, మందు పంచం, చూడు ఎట్లా ఉంటదో" అని. వాళ్ళని నిరుత్సాహపరచడం నా ఉద్దేశం కాదు గానీ టీ తాగేలోపు ఈ పలంగ్ ధర్మ కథ చెప్తా. 2009లో మన లోక్‌సత్తా గురించి చెప్పొచ్చు కదా అంటారు కానీ అది చెప్తే గొడవ మొదలవుతుంది, ప్రతి ఒక్కడికీ ఒక వెర్షన్ ఉంటుంది, పైగా అక్కడ కూకట్‌పల్లి ఒక్క సీటుతోనే కథ ఆగిపోయింది. థాయ్‌లాండ్‌లో అయితే గెలుపు కూడా చూశారు, రాజధాని మొత్తం ఊడ్చేశారు, ఆ తర్వాత పోగొట్టుకున్నారు, అందుకే నేర్చుకోడానికి అదే మంచి కేసు. ఒకటి ముందే చెప్తున్నా, ఇది నేను బ్యాంకాక్‌లో తిరిగి చేసిన పని కాదు, రిజల్ట్స్ టేబుళ్ళు పక్కపక్కన పెట్టుకుని చేసిన డెస్క్ వర్క్.

పలంగ్ థమ్ అని వాళ్ళు పలుకుతారు, అర్థం ధర్మ శక్తి. పేరులోనే ఉంది సంగతంతా. పార్టీ అంటే ఒకే మనిషి, మేజర్ జనరల్ చమ్లాంగ్ శ్రీముయాంగ్. 1935లో పుట్టాడు, ఆర్మీ ఆఫీసర్, యంగ్ టర్క్స్ అని పేరుపడ్డ ఆఫీసర్ల గ్రూపులో మనిషి. 1980లో ప్రేమ్ తిన్సులానోండా ప్రధాని అయ్యాక ఆయన దగ్గర సెక్రటరీగా చేరాడు, మరుసటి ఏడాదే అబార్షన్ చట్టాన్ని సడలించే బిల్లుకి వ్యతిరేకంగా నిలబడటం కోసం ఆ పదవి వదిలేశాడు. ఇది గుర్తుపెట్టుకోండి, ఈయన కెరీర్ మొత్తంలో రాజీనామా అనేది ఆయుధం, తరవాత పార్టీకి కూడా అదే అలవాటైంది. శాంతి అశోక్ అనే బౌద్ధ శాఖలో భక్తుడు, మాంసం ముట్టడు, రోజుకి ఒక్కపూట భోజనం, పెళ్ళయినా బ్రహ్మచర్యం, రైతులు వేసుకునే నీలం చొక్కా. పేపర్ల వాళ్ళు సగం మనిషి సగం సన్యాసి అని రాసేవాళ్ళు.

1985 నవంబర్‌లో బ్యాంకాక్ గవర్నర్ ఎలక్షన్ వచ్చింది (గవర్నర్ అంటే మన రాజ్‌భవన్ గవర్నర్ కాదు, జనం డైరెక్ట్‌గా ఎన్నుకునే మేయర్ లాంటి పోస్ట్). చమ్లాంగ్ ఇండిపెండెంట్‌గా దిగి 4 లక్షలకి పైగా ఓట్లతో డెమొక్రాట్ పార్టీ అభ్యర్థిని చిత్తుగా ఓడించాడు. ఖర్చు పెట్టలేదు, పెట్టలేకపోయాడు అన్నా తప్పు లేదు, కానీ ఆ పెట్టకపోవడమే ప్రచారమైంది. వెదురు బుట్టల మీద రాసిన బోర్డులు రోడ్ల మీద వేలాడుతుంటే పక్కన ఉన్న ఖరీదైన పోస్టర్లన్నీ దొంగసొమ్ములా కనబడ్డాయి. మా ఫీల్డ్‌లో దీన్ని పెద్ద పెద్ద పేర్లతో పిలుస్తారు, నేనైతే పొదుపే పబ్లిసిటీ అంటా. 1990 జనవరిలో మళ్ళీ నిలబడితే 7 లక్షలు దాటాయి ఓట్లు. గవర్నర్ జీతం దానం చేసేవాడు. 1992లో మెగసెసే అవార్డు కూడా వచ్చింది, గవర్నమెంట్ సర్వీస్ కేటగిరీలో.

సరే ఇంత పేరున్న మనిషి పార్టీ పెడితే? 1988లో పెట్టాడు, జూలైలో జనరల్ ఎలక్షన్, 357 సీట్ల సభలో 14. ఎక్కువ బ్యాంకాక్‌వే. ఊళ్ళలో ఎందుకు రాలేదు అంటే, అప్పటి థాయ్ పల్లెల్లో ఓటు పార్టీకి కాదు, హువా ఖనేన్ అనే మనిషికి పడేది, అంటే ఓట్ల పెద్దమనిషి, ఊరి సర్పంచో, మిల్లు ఓనరో, కాంట్రాక్టరో, పెళ్ళికీ చావుకీ ముందుండేవాడు. ఆ మనిషిని వేరే ఎవడో ఎప్పుడో పట్టేసి ఉంటాడు. మన దగ్గర మండల లీడర్ లేకుండా పోటీ చేయడం ఎట్లా ఉంటుందో అట్లా. పైగా శాంతి అశోక్‌తో సంబంధం ఒక గుదిబండ. ఆ శాఖ గురువు బోధిరక్ అధికారిక సంఘ వ్యవస్థని లెక్కచేయలేదు, 1989లో సంఘ పెద్దలు ఆయన్ని భిక్షువుగా గుర్తించబోమని తేల్చేశారు, కేసు కూడా నడిచింది. అంటే ధర్మం పేరు పెట్టుకున్న పార్టీ మీద ఆ దేశంలో ధర్మానికి పెద్దలే వేలు చూపించారన్నమాట! అయినా బ్యాంకాక్ మిడిల్ క్లాస్ పట్టించుకోలేదు. వాళ్ళకి కావాల్సింది భక్తి కాదు, చేతివాటం లేని మనిషి.

1991 ఫిబ్రవరి 23న సైన్యం కుట్ర చేసి ప్రధాని చాటిచాయ్ ప్రభుత్వాన్ని పడగొట్టింది. ఏడాది తర్వాత, 1992 మార్చి 22న, ఎలక్షన్. చమ్లాంగ్ గవర్నర్ పదవి వదిలేసి ఎంపీకి దిగాడు. బ్యాంకాక్‌లో 35 సీట్లు, పలంగ్ ధర్మకి 32. ముప్పై రెండు! డెమొక్రాట్లకి ఒకటి. ఇక్కడ ఒక టెక్నికల్ విషయం చెప్పకపోతే కథ అర్థం కాదు. అప్పట్లో అక్కడ ఒక నియోజకవర్గానికి రెండు మూడు సీట్లు ఉండేవి, ఎన్ని సీట్లుంటే ఓటరుకి అన్ని ఓట్లు. చమ్లాంగ్ అభిమాని బూత్‌లోకి వెళ్ళి అదే పార్టీ ముగ్గురికీ టిక్కు పెట్టేసి వచ్చేస్తాడు, మిగతా ఇద్దరి పేర్లు వాడికి తెలియాల్సిన పని కూడా లేదు. కాబట్టి వేవ్ వస్తే మొత్తం ఊడ్చేస్తుంది. అదే లెక్కలో వేవ్ కొంచెం తగ్గినా మొత్తం ఊడిపోతుంది, ఎందుకంటే ఆ ఇద్దరికీ సొంత ఓటు ఉండదు. 32 అని చూసి సంబరపడ్డవాళ్ళకి ఆ రోజు ఎవరైనా ఈ మాట చెప్పారో లేదో.

ఇక మే నెల. ఆ కుట్ర చేసిన సైనిక పెద్దల్లో ఒకడు, ఎంపీ కూడా కాని జనరల్ సుచిందా క్రాప్రయూన్ ఏప్రిల్‌లో ప్రధాని అయ్యాడు, జనం రోడ్ల మీదకి వచ్చారు. చమ్లాంగ్ మే 4న నిరాహార దీక్ష మొదలుపెట్టాడు, ప్రాణం పోయేదాకా అన్నాడు, కొన్ని రోజులకి విరమించాడు, ఇది పార్టీ లాభం కోసం కాదని చూపించడానికి పార్టీ లీడర్ పదవి కూడా వదిలేశాడు. 17న సనాం లువాంగ్ మైదానం నుంచి ఊరేగింపు కదిలింది, ఆ రాత్రి నుంచి కాల్పులు, 18న ఆయన్ని అరెస్ట్ చేశారు. అధికారిక లెక్కల్లో 52 మంది చనిపోయారు. 20న రాత్రి రాజు భూమిబోల్ ముందు సుచిందా, చమ్లాంగ్ ఇద్దరూ నేల మీద మోకాళ్ళ మీద కూర్చున్న దృశ్యం ప్రపంచమంతా టీవీలో చూసింది. 24న సుచిందా దిగిపోయాడు.

ఇప్పుడు మామూలుగా ఆలోచిస్తే ఏమనుకుంటాం, నియంతని దింపిన హీరో కదా, తర్వాత ఎలక్షన్‌లో ప్రభంజనమే అని. 1992 సెప్టెంబర్ 13 రిజల్ట్ చూస్తే పైకి అలానే ఉంది, 41 నుంచి 47కి పెరిగారు. పేపర్లు పార్టీలని థెప్, మార్ అని విడదీశాయి, అంటే దేవతలు, మారుడి సేన (బుద్ధుడి మీదకొచ్చిన మారుడే), మే ఉద్యమం వైపున్న పార్టీలు దేవతల జాబితాలో. పలంగ్ ధర్మ అందులో ఒకటి. బాగుంది కదా. కానీ టేబుల్ విడగొట్టి చూడండి. బ్యాంకాక్‌లో 32 కాస్తా 23 అయింది, బయట 9 ఉన్నవి 24 అయ్యాయి. డెమొక్రాట్లు బ్యాంకాక్‌లో 1 నుంచి 9కి ఎక్కారు. పార్టీ ఓడిపోవడం మొదలైన రోజు అది, చప్పట్లు మోగుతుండగా మొదలైంది.

ఎందుకంటే బ్యాంకాక్ ఓటరు చమ్లాంగ్ మీద కొంచెం భయపడ్డాడు. "జనాన్ని చావుకి తీసుకెళ్ళాడు" అనే మాట ఆ ఎన్నికలప్పుడు ఊరంతా తిరిగింది, తర్వాత ఎన్నేళ్ళయినా ఆయన్ని వదల్లేదు. అది న్యాయమా అంటే నాకైతే కాదనే అనిపిస్తుంది, కాల్చినవాళ్ళని వదిలేసి నడిపించినవాణ్ణి పట్టుకోవడం ఏంటి. కానీ ఓటు న్యాయం చూసి పడదు. అటు పక్క డెమొక్రాట్ల లీడర్ చువాన్ లీక్‌పాయ్, మెత్తగా మాట్లాడే లాయరు, మార్కెట్‌లో చిన్న కొట్టు పెట్టుకున్న తల్లి కొడుకు, ఆయన మీద కూడా అవినీతి మచ్చ లేదు. అంటే అదే క్లీన్ ఇమేజ్ ఇంకో షాపులో దొరుకుతోంది, ఉపవాసాలు లేకుండా, రోడ్డు మీద పడుకోకుండా, పిల్లల్ని స్కూల్‌కి పంపడానికి ఇబ్బంది లేకుండా. మధ్యతరగతి మనిషి ఎటు పోతాడు? చమ్లాంగ్ నీతికి అలవాటు చేశాడు, చువాన్ దాన్ని సుఖంగా అమ్మాడు.

79 సీట్లతో చువాన్ ప్రధాని, పలంగ్ ధర్మ కోయలిషన్‌లో భాగస్వామి. పార్టీ లీడర్ బూన్‌చు రోజనస్తియన్, పెద్ద బ్యాంకర్, పాతకాపు. ఇక్కడి నుంచి లోపల రెండు గుంపులు. థాయ్ వాళ్ళు ఒక గుంపుని సాయ్ వట్ అనేవాళ్ళు, గుడి వర్గం, శాంతి అశోక్ నుంచి వచ్చి ఎండలో కరపత్రాలు పంచినవాళ్ళు, వాళ్ళే అసలు క్యాడర్. రెండోది మామూలు రాజకీయ నాయకులు, వ్యాపారులు, డాక్టర్లు, గెలిచే పార్టీ అని వచ్చినవాళ్ళు. మొదటి వాళ్ళకి గెలిచే మొహాలు లేవు, రెండో వాళ్ళకి పని చేసే చేతులు లేవు. గెలిచాక మంత్రి పదవులు రెండో వాళ్ళకి పోతాయి, గుడి వాళ్ళకి కడుపు మండుతుంది, మా త్యాగం మీద వీళ్ళు కార్లెక్కుతున్నారు అని. నేను ఇక్కడ ఒక చిన్న పార్టీకి పని చేసినప్పుడు (పేరు వద్దులెండి) సరిగ్గా ఇదే చూశా, ఆఫీస్‌లో టీ కప్పులు కడిగే కార్యకర్తకి లాస్ట్ మినిట్‌లో ఫ్లైట్ దిగిన క్యాండిడేట్ పేరు కూడా తెలియదు, కానీ అతని ఫ్లెక్సీ ఇతనే కట్టాలి. అది చూసినప్పటి నుంచి నేను ఏ పార్టీకైనా మొదట అడిగేది ఒకటే, టికెట్ ఎవరికి ఇస్తున్నారో మీ వార్డు మనుషులకి ఎప్పుడు చెప్తారు అని.

1994లో చమ్లాంగ్ మళ్ళీ లీడర్‌గా వచ్చాడు. వస్తూనే కేబినెట్‌లో పార్టీ మంత్రుల్ని మార్పించాడు, ఉన్నవాళ్ళని దింపి బయటి నుంచి ప్రొఫెషనల్స్‌ని తెచ్చాడు. అందులో ఒకడు టెలికాం వ్యాపారి, విదేశాంగ మంత్రిగా నేరుగా దిగాడు. పేరు తక్సిన్ షినవత్ర. అవును, తర్వాత థాయ్‌లాండ్ ప్రధాని అయిన ఆయనే. తక్సిన్‌ని రాజకీయాల్లోకి తీసుకొచ్చింది చమ్లాంగే. ప్రభుత్వ కాంట్రాక్టులు ఉన్నవాళ్ళు మంత్రులుగా ఉండకూడదనే రూల్ రావడంతో కొన్ని నెలల్లోనే, 1995 మొదట్లో, తక్సిన్ దిగిపోవాల్సి వచ్చింది గానీ పార్టీలో ఉండిపోయాడు. ఈ మార్పుల దెబ్బకి లోపల పాత నాయకులు చాలామంది దూరమయ్యారు. పార్టీని శుభ్రం చేశా అని చమ్లాంగ్ అనుకుని ఉండొచ్చు, నాకు మాత్రం ఇల్లు ఊడుస్తూ స్తంభాలు కూడా ఊడ్చేసినట్టు కనిపిస్తుంది.

తర్వాతది సో పో కో 4-01 కుంభకోణం (అక్కడి ఒక రకం భూమి పట్టా పేరు అది). భూమిలేని రైతులకి ఇవ్వాల్సిన పట్టాలు ఫుకెట్‌లో డబ్బున్న కుటుంబాలకి వెళ్ళాయి, అసైన్డ్ భూములు అంటే మనకి వెంటనే అర్థమవుతుంది కదా, అదే తంతు. ప్రభుత్వంలో డెమొక్రాట్ల శాఖ అది. 1995 మేలో అవిశ్వాస చర్చ, పలంగ్ ధర్మ మద్దతు తీసేసింది, చువాన్ సభ రద్దు చేశాడు. నీతి ప్రకారం కరెక్టే, నేను తప్పు పట్టను. కానీ రెండున్నరేళ్ళు కలిసి కూర్చుని, చివర్లో లేచి వెళ్ళిపోయిన పార్టీకి "మేం ఇది చేశాం" అని చెప్పుకోడానికి ఏం మిగిలింది? "మేం ఇది చేయలేదు" అని తప్ప ఏం లేదు. ఇంకో విషయం, బ్యాంకాక్‌లో నిన్న డెమొక్రాట్‌కి ఒక టిక్కు, పలంగ్ ధర్మకి రెండు టిక్కులు పెట్టిన ఓటరు ఇంట్లో ఇది అన్నదమ్ముల గొడవలాంటిది, గొడవ పెట్టినవాడి మీదే కోపం వస్తుంది.

1995 జూలై 2, ఈసారి లీడర్ తక్సిన్. 23 సీట్లు. బ్యాంకాక్‌లో 16, బయట 7. అంటే మూడేళ్ళ క్రితం బయట వచ్చిన 24 దాదాపు ఆవిరైపోయాయి, నా అంచనా ఏంటంటే అవి పార్టీ సీట్లు కావు, అప్పటి గాలికి ఆ జెండా పట్టుకున్న స్థానిక నాయకుల సీట్లు, గాలి మారగానే జెండా మారింది. అప్పుడు కూడా పార్టీ ప్రభుత్వంలో చేరింది, అదీ బన్హార్న్ సిల్పా-ఆర్చా ప్రభుత్వంలో. బన్హార్న్ పేరు చెప్తే థాయ్ పేపర్లకి నడిచే ఏటీఎం లాంటి మారుపేర్లే గుర్తొచ్చేవి, డబ్బు రాజకీయానికి ఆయన బొమ్మే గుర్తు. పైగా ఆయన చార్ట్ థాయ్ పార్టీ 1992లో మారుడి సేన జాబితాలోది. దేవతల పార్టీ వెళ్ళి ఆ పక్కన కూర్చుంది. ఎందుకు? పదవి కోసమే అనడం ఈజీ, ట్రాఫిక్ కోసం అని కూడా అనొచ్చు. తక్సిన్ డిప్యూటీ ప్రధాని అయ్యి బ్యాంకాక్ ట్రాఫిక్ ఆరు నెలల్లో బాగుచేస్తా అన్నాడు.

ఆరు నెలలు! అప్పటి బ్యాంకాక్ ట్రాఫిక్ అంటే ప్రపంచం మొత్తం జోకులేసుకునేది, స్కైట్రైన్ ఇంకా రాలేదు (అది 1999 చివర్లో వచ్చింది). ఏ కన్సల్టెంటైనా చెప్పే మొదటి మాట, డెడ్‌లైన్ ఇవ్వొద్దు, ఇస్తే కొలవడానికి వీల్లేనిది ఇవ్వు అని. ట్రాఫిక్ అంటే ఓటరు రోజూ పొద్దున్న ఎనిమిదింటికి బస్సులో కూర్చుని కొలుస్తాడు. ఆరు నెలలయ్యాయి, ట్రాఫిక్ అక్కడే ఉంది. 1996లో కొత్త బ్యాంకు లైసెన్సుల మీద ముడుపుల ఆరోపణలు వచ్చి పలంగ్ ధర్మ ఈ ప్రభుత్వం నుంచి కూడా బయటికి వచ్చేసింది. రెండేళ్ళలో రెండోసారి.

దానికంటే ముందు 1996 జూన్‌లో బ్యాంకాక్ గవర్నర్ ఎలక్షన్ జరిగింది, నన్నడిగితే ఈ కేసు మొత్తంలో అసలు ఎక్స్‌రే ఇదే. 1992లో పలంగ్ ధర్మ టికెట్ మీద గెలిచిన గవర్నర్ కృత్సదా అరుణ్‌వోంగ్ ఈసారి ఇండిపెండెంట్‌గా దిగాడు. ఆయన మీద పార్టీ నుంచి చమ్లాంగ్ స్వయంగా దిగాడు. గురువు, శిష్యుడు ఒకే ఓటు కోసం. పిచిత్ రత్తకుల్ అనే పాత డెమొక్రాట్ ఇండిపెండెంట్‌గా 7 లక్షలకి పైగా తెచ్చుకుని గెలిచాడు, చమ్లాంగ్‌కి 5 లక్షలకి పైగా, కృత్సదాకి 2 లక్షలకి పైగా. వాళ్ళిద్దరివీ కలిపితే గెలిచినాయన దగ్గర దాకా వస్తాయి. ఓట్లు చీలిపోయాయని పార్టీ ఏడవొచ్చు, కానీ చూడాల్సింది వేరే. 1990లో చమ్లాంగ్ ఒక్కడికే 7 లక్షలు. ఆ పేరు విలువ మొదటిసారి బహిరంగంగా తగ్గింది, సొంత ఊళ్ళో, సొంత కుర్చీ కోసం. పార్టీకి ఉన్న ఒకే ఒక్క ఆస్తి అది.

1996 నవంబర్ 17. ఒక్క సీటు. బ్యాంకాక్‌లో సుదారత్ కేయురాఫన్ మాత్రం గెలిచింది, తన ఏరియాలో తన పనితో. డెమొక్రాట్లకి అదే బ్యాంకాక్‌లో 37లో 29. నేను ఈ కేసు చెప్పేటప్పుడు బోర్డు మీద రెండే వరసలు రాస్తా. పలంగ్ ధర్మ బ్యాంకాక్ సీట్లు 32, 23, 16, 1. కింద డెమొక్రాట్ల బ్యాంకాక్ సీట్లు 1, 9, 14, 29. ఇంకేం రాయను, గదిలో కాసేపు ఎవరూ మాట్లాడరు. తర్వాత ఎవరో ఒకరు అడుగుతారు, "అయితే నిజాయితీగా ఉండటం తప్పా సార్" అని. కాదు బాబూ. నిజాయితీ పార్టీ ఓటుగా మారలేదు, అదీ బాధ. ఎనిమిదేళ్ళూ ఓటరు చమ్లాంగ్‌కి వేశాడు, ఆయన తప్పుకుంటే ఓటు తప్పుకుంది, ఆయన తిరిగొస్తే పార్టీలో మనుషులు తప్పుకున్నారు. రెండో పేరు పెరగడానికి టైమ్ ఇవ్వలేదు, పెరిగిన ఒకరిద్దరినీ పార్టీ ఉంచుకోలేకపోయింది. అనెక్ లావోతమటాస్ అనే థాయ్ రాజకీయ శాస్త్రవేత్త ఆ రోజుల్లోనే ఒక మాట అన్నాడు, పల్లెలు ప్రభుత్వాలని ఎన్నుకుంటాయి, బ్యాంకాక్ వాటిని పడగొడుతుంది అని. పలంగ్ ధర్మ పూర్తిగా పడగొట్టేవాళ్ళ పార్టీ. ఎన్నుకునేవాళ్ళ ఊళ్ళోకి ఎప్పుడూ సరిగ్గా వెళ్ళలేదు.

ఆ పాఠం నేర్చుకున్నది తక్సినే. 1998 జూలైలో థాయ్ రాక్ థాయ్ పెట్టాడు, సుదారత్ కూడా ఆయనతో వెళ్ళింది. పల్లెలకి అప్పుల మారటోరియం, 30 బాత్‌లకి (థాయ్ కరెన్సీ) వైద్యం, ఊరికో పది లక్షల బాత్‌ల నిధి, 2001లో 500 సీట్ల సభలో 248. చమ్లాంగ్ మొదట్లో ఆయన్ని సమర్థించాడు కూడా. 2006 ఫిబ్రవరికి వచ్చేసరికి తక్సిన్ దిగిపోవాలంటూ పసుపు చొక్కాల గుంపులో, ధర్మ సైన్యం అని పేరు పెట్టుకున్న శాంతి అశోక్ జనంతో కలిసి బ్యాంకాక్ రోడ్డు మీద చాప వేసుకుని కూర్చున్నాడు, అప్పటికి ఆయనకి 70 ఏళ్ళు.